రహీం సాబ్, ఆయన క్లబ్బు, ఆయనను ఓడించిన దేశాలు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. భారత ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంను అందరూ 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణంతోనే తలుచుకుంటున్నారు, హైదరాబాద్ సిటీ పోలీస్ క్లబ్బుకు ఆయన చేసినది నిజంగా అంత గొప్ప పనేనా అన్నది మొదటిది. దక్షిణ కొరియా, ఇండోనేషియా, యుగోస్లావియా జట్లతో మనకు అప్పట్లో నిజంగా అంత పోటీ ఉండేదా, లేక 2024లో వచ్చిన హిందీ సినిమా కోసం పెంచి చూపించారా అన్నది రెండోది. నేను సికింద్రాబాద్‌లో పెరిగి, 1970లలో ఇక్కడి లీగ్‌లో హాఫ్‌బ్యాక్‌గా ఆడి, ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు బడిపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పినవాణ్ని. రహీం సాబ్‌ను నేను చూడలేదు. ఆయన పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అయితే ఆయన దగ్గర నేర్చుకున్న మనిషి దగ్గర నేను నేర్చుకున్నాను కనుక, పెద్దల నోట విన్నదీ, మైదానంలో చేసి తెలుసుకున్నదీ కలిపి జవాబు చెబుతాను.

నా ఉద్దేశంలో మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్న మనిషి. తనను ఓడించిన ప్రతి జట్టునూ ఆయన పాఠ్యపుస్తకంలా చదివారు, చదివినదాన్ని ముందుగా తన క్లబ్బులో ప్రయోగించి చూశారు, అక్కడ పనిచేసినదాన్నే దేశం జట్టుకు తీసుకెళ్లారు. క్లబ్బును పక్కన పెట్టి జకార్తా గురించి మాట్లాడితే, నాట్లూ కలుపులూ వదిలేసి కోత గురించి మాత్రమే మాట్లాడినట్లవుతుంది.

ఒక చిన్న వివరణ. ఇంగ్లండ్‌లో 'మేనేజర్' అంటే జట్టును ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, ఎత్తుగడ నిర్ణయించేవాడు. మన దేశంలో ఆ మాటకు ఎక్కువగా రైలు టిక్కెట్లు, బస, భత్యాలు చూసే అధికారి అన్న అర్థమే వాడుకలో ఉండేది. రహీం ఈ రెండు అర్థాలకూ సరిపోయారు. 1943 నుంచి చనిపోయేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. అంటే పోటీలు ఎలా జరగాలో నిర్ణయించే కుర్చీ, ఆటగాణ్ని తీర్చిదిద్దే ఈల రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఇలాంటి ఏర్పాటు చాలామంది చేతుల్లో పడితే చెడిపోతుంది. ఆయన చేతిలో మాత్రం ఊరంతా ఒక శిక్షణాలయమైంది.

సిటీ పోలీస్ జట్టు ఆయన కోచ్‌గా రాకముందే ఉంది. ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు కనుక నెల జీతానికి ఢోకా లేదు, రోజూ ఒకేచోట కలిసి సాధన చేయడానికి అడ్డూ లేదు. కలకత్తా క్లబ్బుల్లో సీజన్ మారితే ఆటగాళ్లు ఒక జట్టు నుంచి మరో జట్టుకు మారేవారు. ఇక్కడ మాత్రం అదే పదకొండు మంది ఏళ్ల తరబడి పక్కపక్కన ఆడారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1943లో, బెంగుళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్‌లో ఇంగ్లండ్ క్రికెటర్ డెనిస్ కాంప్టన్ వంటివాడున్న బ్రిటిష్ వైమానిక దళ జట్టును ఈ పోలీసులు ఓడించారు. దాంతో దక్షిణాదిలో వీరి పేరు నలుగురి నోళ్లలో నానింది. ఆ తర్వాత 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచారు. అదే కాలంలో ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ను 1950లో, 1954లో గెలిచి, 1957లో మళ్లీ అందుకున్నారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో మరోసారి గెలిచారు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 1956, 1957 సంవత్సరాల్లో వరుసగా విజేతగా నిలిచింది. కలకత్తా క్లబ్బులైన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానులకు ఈ జాబితా నేటికీ రుచించదు. నేను కలకత్తా వెళ్లినప్పుడల్లా టీ తాగుతూ దీని గురించి వాదించుకున్నాను, ఒక్కసారి కూడా ఎవరూ ఓడిపోలేదు.

కప్పుల లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. నాకు ముఖ్యమనిపించేది సాధన జరిగిన తీరు. ఆ రోజుల్లో మన దేశంలో గొప్ప ఆటగాడంటే బంతిని కాలికి అంటించుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ అందుకే, పత్రికలు రాసేదీ అందుకే. రహీం దీనికి ఎదురు నడిచారు. అలా బంతిని కాలితో నడిపించుకుపోయే డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలు పెట్టారు, బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టారు. బంతి వచ్చిన వెంటనే దాన్ని ఎటు పంపాలో, అది రాకముందే తెలిసి ఉండాలన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. మా గురువు మాకు ప్రతి ఆదివారం ఉదయం ఇదే చేయించేవారు. కుడికాలివాడు కుడికాలితో బంతి తాకితే ఫౌల్. మొదటి నెలలో మా ఆట చూడటానికి వచ్చినవాళ్లు కడుపుబ్బ నవ్వేవారు, ఎందుకంటే నేరుగా కొట్టాల్సిన బంతి ప్రేక్షకుల సైకిళ్ల మీదికి పోయేది. మూడో నెలకు నవ్వు తగ్గింది. ఎడమవైపు నుంచి వచ్చే బంతిని తిప్పుకోవడానికి ఒక అడుగు వృథా చేయకుండా, వచ్చిన కాలితోనే పంపడం అలవాటైతే, జట్టు మొత్తానికి అది ఎంత సమయం మిగులుస్తుందో ఆడినవాడికే అర్థమవుతుంది. శరీర బలంలో, ఎత్తులో ఐరోపా వారికి సరితూగలేని జట్టుకు దొరకగల అదనపు సమయం అదొక్కటే.

ఆయన కన్ను ఎలా పనిచేసేదో చెప్పడానికి తులసీదాస్ బలరామ్ ఉదాహరణ చాలు. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. రహీం అతని ఆట చూసి జట్టులోకి పిలిస్తే, హైదరాబాద్ దాకా రోజూ రావడానికి తన దగ్గర డబ్బు లేదన్నాడు. రహీం అతనికి అద్దె సైకిల్ ఏర్పాటు చేశారు. ఆ సైకిల్ మీద వచ్చి సాధన చేసిన బలరామ్ 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడాడు, జకార్తా ఫైనల్లోనూ ఆడాడు. ఆ అద్దె రూపాయల్లోనే ఉంటుందిగానీ, భారత ఫుట్‌బాల్‌లో అంతకు మించిన పెట్టుబడి ఎవరైనా పెట్టారా అని నాకు అనుమానమే.

ఇక దేశాల మధ్య పోటీ సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలోని భారత జట్టు ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో, ఫైనల్లో ఇరాన్‌ను మేవాలాల్ కొట్టిన ఏకైక గోలుతో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇదే జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చితికిపోయింది. బ్రాంకో జెబెక్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. మనవైపు అహ్మద్ ఖాన్ చివర్లో ఒక గోలు చేశాడు. మనవాళ్లలో ఎక్కువమంది చలిలో, జారే గడ్డి మీద వట్టి కాళ్లతో ఆడారు. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు తొంభై నిమిషాల కంటే తక్కువ సేపే జరిగేవి కనుక, రెండో సగం నడిచేకొద్దీ ఊపిరి అందని పరిస్థితి వచ్చేది. పైగా వెనక ఇద్దరే ఫుల్‌బ్యాక్‌లను ఉంచే పాత పద్ధతి. ఆ టోర్నమెంటులో ఫైనల్ దాకా వెళ్లి రజతం గెలిచిన యుగోస్లావియా ముందు ఈ మూడు లోపాలూ ఒకేసారి బయటపడ్డాయి.

ఇక్కడొక సవరణ చేయాలి, ఎందుకంటే మన సమూహాల్లో హెల్సింకీ వట్టి కాళ్ల సంగతినీ, 1950 ప్రపంచకప్ సంగతినీ తరచూ కలిపేస్తుంటారు. బూట్లు లేవన్న కారణంతో 1950 ప్రపంచకప్‌కు వెళ్లనివ్వలేదన్న కథ ఒకటి తిరుగుతుంది. మన సంఘం ఆ పోటీకి విలువ ఇవ్వకపోవడం, సుదీర్ఘ ప్రయాణం, సాధన చాలకపోవడం అందుకు అసలు కారణాలు. బూట్ల గొడవ నిజంగా తేలింది హెల్సింకీ తర్వాతే. ఆ ఓటమి అనంతరమే ఆటగాళ్లు బూట్లు వేసుకోవడం తప్పనిసరి చేశారు.

పది గోల్స్ తిన్న కోచ్ సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. వాతావరణాన్ని నిందిస్తాడు, లేదా రాజీనామా ఇస్తాడు. రహీం హైదరాబాద్‌కు తిరిగివచ్చి క్లబ్బు ఆటను విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. 1953 నవంబరులో వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు, హిడెగ్‌కుటి అనే సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందు వరుస మధ్యలో ఆడేవాడు, తన స్థానం వదిలి వెనక్కి దిగి ఆడటం ప్రపంచమంతా చూసింది. చాలామందికి అది వింత. రహీంకు అది సమాధానం. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి దిగితే ఎదుటి జట్టు డిఫెండర్‌కు అతని వెంట వెళ్లాలో, ఉన్నచోటే నిలబడాలో తెలియదు. వెళితే వెనక ఖాళీ, వెళ్లకపోతే ముందు ఖాళీ. కండబలం అవసరం లేకుండా తెలివితో ఖాళీ సృష్టించే ఈ మార్గం మనవాళ్ల శరీర ప్రకృతికి సరిపోతుందని ఆయన గుర్తించారు. మూడు బ్యాక్‌ల పద్ధతికి మారి, ఆ తర్వాత నలుగురు వెనక, ఇద్దరు మధ్యన, నలుగురు ముందు ఉండే అమరిక దాకా జట్టును తీసుకెళ్లారు. బ్రెజిల్ కంటే ముందే రహీం దాన్ని కనిపెట్టారని అభిమానులు చెప్పుకుంటారు గానీ, నేను ఆ మాట అనను. హంగరీ, బ్రెజిల్ కోచ్‌లు తమ తమ దారుల్లో అక్కడికి చేరుకున్నారు. హైదరాబాద్ బడిపంతులు కూడా తన దారిలో అక్కడికి చేరుకున్నారన్నదే చాలినంత ఘనత.

1956 మెల్‌బోర్న్ ఈ చదువుకు వచ్చిన మొదటి పరీక్షాఫలితం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరామ్ వంటి హైదరాబాదీలు ఎక్కువ సంఖ్యలో ఉండటం పక్షపాతమని అప్పుడు విమర్శించినవాళ్లున్నారు. రోజూ కలిసి ఆడేవాళ్లను తీసుకెళితే జాతీయ జట్టుకు క్లబ్బు జట్టులో ఉండే పొందిక వస్తుందన్న సంగతి ఆ విమర్శకులకు పట్టలేదు. మొదటి రౌండ్‌లో మన ప్రత్యర్థి హంగరీ. అక్కడి తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేయడంతో ఆ జట్టు రాలేదు, మనకు ఆడకుండానే ముందుకు దారి దొరికింది. తరువాత డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాతో మ్యాచ్. మనం రెండుసార్లు ఆధిక్యం సాధిస్తే వాళ్లు రెండుసార్లూ సమం చేశారు. చివరికి మొదటి రెండు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజాయే మూడో గోలు, కిట్టు నాలుగో గోలు కొట్టడంతో 4-2తో గెలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియావాడు డిసౌజాయే.

సెమీఫైనల్లో ఎదురొచ్చింది యుగోస్లావియా. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ కొట్టిన దేశం. మొదటి సగంలో గోలు లేదు. రెండో సగం మొదట్లో డిసౌజా గోలు కొట్టి మనకు ఆధిక్యం ఇచ్చాడు. ఒలింపిక్ ఫైనల్ కళ్ల ముందు కనిపించిన ఆ క్షణం ఎంతో సేపు నిలవలేదు, పావుగంట తిరగకముందే వాళ్లు మూడు గోల్స్ చేశారు. ఆ తర్వాత మన డిఫెండర్ కాలి నుంచే మరొకటి మన వలలో పడింది. 4-1. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలవగా మనం నాలుగో స్థానంలో నిలిచాం. స్కోరు చూస్తే రెండూ ఓటములే. అయితే 10-1కీ, ముందుగా గోలు కొట్టి ఓడిన 4-1కీ మధ్య ఉన్న దూరాన్ని ఒక కోచ్ నాలుగేళ్లలో నడిచాడని చూడండి. యుగోస్లావియాతో మనది సమ ఉజ్జీల పోటీ అని నేను అనలేను. వాళ్లు వరుసగా మూడు ఒలింపిక్స్‌లో ఫైనల్ ఆడిన జట్టు. మనకు వాళ్లు కొలబద్ద, అంతే.

ఇండోనేషియాతో సంగతి వేరు. అది నిజమైన పోటీయే. 1951లో మనం గెలిస్తే, 1954 మనీలా ఆసియా క్రీడల్లో వాళ్లు మనల్ని 4-0తో ఓడించారు. 1956 మెల్‌బోర్న్‌లో ఇదే ఇండోనేషియా, ఆ పోటీల్లో చివరికి స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టును గోలు చేయనివ్వకుండా నిలువరించి మ్యాచ్‌ను మళ్లీ ఆడించింది. వాళ్ల కోచ్ పొగాచ్నిక్ యుగోస్లావియావాడన్నది గమనించదగ్గ విషయం. 1958 టోక్యోలో సెమీఫైనల్లో కొరియా చేతిలో 3-1తో, కాంస్య పోరులో ఇండోనేషియా చేతిలో 4-1తో ఓడి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. రోమ్ ఒలింపిక్స్ అర్హత పోటీల్లో రహీం జట్టు ఆ బాకీ తీర్చింది. కలకత్తాలో 4-2, ఆ తర్వాత జకార్తాలో వాళ్ల సొంత జనం ముందు 2-0. 1962లో అదే ఊళ్లో మనకు ఎదురైన ద్వేషం వెనక రాజకీయమే ప్రధానం గానీ, ఈ పాత పగ కూడా ఒక మూల దాగి ఉందని మా పెద్దవాళ్లు అనుకునేవారు.

రోమ్ గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపు. ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన హంగరీతో 2-1తో ఓడాం, మన గోలు బలరామ్‌ది. పి.కె. బెనర్జీ గోలుతో ఫ్రాన్స్‌పై గెలుస్తున్నామనగా చివరి పది నిమిషాల్లో వాళ్లు సమం చేశారు. పెరూతో 3-1తో ఓడాం. గ్రూపు దాటలేదు. కానీ నన్ను అడిగితే భారత జట్టు ఆడిన అత్యుత్తమ ఫుట్‌బాల్ రోమ్‌లోనే. మెల్‌బోర్న్ కంటే, జకార్తా కంటే కూడా. అక్కడ దొరికిన ప్రత్యర్థుల స్థాయిని బట్టి ఈ మాట అంటున్నాను, చాలామంది ఒప్పుకోరని తెలిసే అంటున్నాను.

ఇప్పుడు జకార్తా. నేపథ్యం తెలియకపోతే ఆ ఫైనల్ విలువ తెలియదు. ఆతిథ్య ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. ఆసియా క్రీడలకు ఊపిరి పోసినవారిలో ఒకరైన మన జి.డి. సోంధీ దీన్ని తప్పుబట్టి, అందరినీ పిలవని పోటీలకు ఆసియా క్రీడలన్న పేరు చెల్లదని వాదించారు. దాంతో జకార్తా భగ్గుమంది. ఫైనల్‌కు ముందురోజు అల్లరిమూక భారత రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. మన ఆటగాళ్లు బస్సు మీద జెండా తీసేసి, తలపాగా చూసి గుర్తుపడతారేమోనని జర్నైల్ సింగ్ వంటివారిని బస్సు అడుగున కూర్చోబెట్టి స్టేడియానికి చేరాల్సి వచ్చింది. మన జాతీయగీతం వినిపించకుండా జనం గోల చేశారు. దాదాపు లక్షమంది ఉన్న సెనాయన్ స్టేడియంలో మనకు చప్పట్లు కొట్టింది, హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు. సినిమావాళ్లు పెంచారేమోనని మీరు అనుమానించిన భాగం ఇదే అయితే, ఇది నిజంగా జరిగిందే.

మైదానంలోని కథ అంతకంటే ఆసక్తికరం. దక్షిణ కొరియా 1956లోనూ, 1960లోనూ ఆసియా కప్ గెలిచిన జట్టు. గ్రూపు దశలో మొదటి మ్యాచ్‌లోనే మనల్ని 2-0తో ఓడించింది. రెండో మ్యాచ్‌లో థాయిలాండ్‌పై 4-1తో గెలిచాం గానీ, జట్టుకు గుండెకాయ లాంటి స్టాపర్ (వెనక మధ్యన నిలిచే డిఫెండర్) జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అతను లేకుండానే జపాన్‌ను 2-0తో ఓడించాం. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంతో ఏం చేయాలి? కుట్లతో ఉన్నవాణ్ని వెనక నిలబెడితే ప్రతి ఎత్తు బంతికీ తల పెట్టాలి, గాయం తెరుచుకుంటుంది. బయట కూర్చోబెడితే జట్టు స్థైర్యం తగ్గుతుంది. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడాడన్నది ఇక్కడ అక్కరకొచ్చింది. అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపి, అరుణ్ ఘోష్‌ను వెనక మధ్యన నిలిపారు. సెమీఫైనల్ 3-2తో గెలిచాం, చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి కొట్టారు.

ఆటగాళ్లను కేవలం స్థానాల పేర్లతో చూసే కోచ్‌కు ఈ ఆలోచన రాదు. బలహీనమైన కాలితో ఆడించిన మనిషికి, ప్రతివాడికీ రెండో ఆట ఒకటి ఉంటుందని తెలుసు. క్లబ్బులో పదేళ్ల పాటు చేసిన సాధనకూ, ఈ ఒక్క నిర్ణయానికీ మధ్య ఉన్న ముడిని చూపించడానికే ఇంత దూరం చెప్పుకొచ్చాను.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. రహీం వాళ్లను బయటకు నడకకు తీసుకెళ్లి, రేపు మీ నుంచి నాకొక కానుక కావాలి, స్వర్ణం తెచ్చి ఇవ్వండని అడిగారని ఆ జట్టులోని వాళ్లు తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నారు. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరునాడు, సెప్టెంబరు 4న, 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. కొరియా 85వ నిమిషంలో ఒకటి తిరిగి కొట్టింది. జ్వరం నుంచి కోలుకుని గోలు దగ్గర నిలబడ్డ పీటర్ తంగరాజ్ మిగిలిన నిమిషాలు కాచాడు. 2-1. తొమ్మిది రోజుల క్రితం ఏ జట్టు చేతిలో రెండు గోల్స్‌తో ఓడారో ఆ జట్టు మీదే. మా నాన్న మరునాటి పత్రికలో ఆ వార్త చదివి వినిపించడం నాకు లీలగా గుర్తుంది. ఆయన చదివింది యూసుఫ్ ఖాన్, బలరామ్ అన్న మన ఊరి పేర్లు వచ్చిన వాక్యాలే, అదీ రెండుసార్లు.

కొరియాతో పోటీ తీవ్రమైనదా అన్న మీ సందేహానికి నా జవాబు ఇది. ఆ కాలపు అంతర్జాతీయ పోటీల్లో మనకు నిజమైన సమ ఉజ్జీ కొరియాయే. టోక్యోలో వాళ్లది పైచేయి, జకార్తాలో మొదట వాళ్లది, చివరికి మనది. 1964 ఆసియా కప్‌లో మళ్లీ కలిసినప్పుడు మనం 2-0తో గెలిచి, ఇజ్రాయెల్ తర్వాత రెండో స్థానంలో నిలిచాం. అప్పటికి మన కోచ్ హ్యారీ రైట్ అనే ఇంగ్లండ్ మనిషి. రహీం 1963 జూన్ 11న హైదరాబాద్‌లో, యాభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. జకార్తా తర్వాత ఆయనకు మిగిలింది తొమ్మిది నెలలే.

ఆయన తర్వాత ఎందుకు పడిపోయాం అని మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు కింద వ్యాఖ్యల్లో తప్పక అడుగుతారు. అదృష్టం, రాజకీయం, క్రికెట్ అని చెప్పే కారణాల్లో నిజం కొంత ఉంది. నాకు కనిపించేది ఇంకొకటి. దేశం జట్టు కోచ్ పదవిలోకి మరొకరు వచ్చారు. కానీ ఊరి సంఘం, పోలీసు క్లబ్బు, బడి మైదానం, జాతీయ జట్టు ఈ నాలుగింటినీ ఒకే ఆలోచనతో కలిపిన మనిషి స్థానంలోకి ఎవరూ రాలేదు, ఎందుకంటే అలాంటి పదవి ఏ కాగితం మీదా లేదు. హైదరాబాద్ కుర్రాళ్లు మంచి అవకాశం కోసం కలకత్తా రైలెక్కారు. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. వెళ్లినవాళ్లను తప్పుపట్టలేం. ఇక్కడ ఉండిపోయినవాళ్లలో కొందరి ముసలితనం ఎలా గడిచిందో చూసినవాణ్ని కనుక అసలే తప్పుపట్టను.

అయినా విత్తనం పూర్తిగా పోలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ జట్టులో ఉన్నాడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 2021లో చనిపోయేదాకా ఫుట్‌బాల్ వదల్లేదు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టుకు కెప్టెన్ హైదరాబాద్‌వాడైన సయ్యద్ నయీముద్దీన్, శిక్షణ బాధ్యత చూసినవారిలో ఒకరు రహీం దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ. ఆ జట్టు మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన చివరి పతకం అదే.